ఎదురన్న రాకెట్ అక్షరాలు

మా ఎదురు షాపు అన్న పోయాడు. ఆ మంగళవారం పొద్దున పదవుతున్నా ఆయన షట్టర్ లేవకపోతే, అబద్ధమెందుకు, నాకు సంబరమే వేసింది. ఇవాళ ఒకటో రెండో బేరాలు రోడ్డు దాటి ఇటొస్తాయిలే అనుకుని బల్ల తుడుచుకుంటున్నాను. పాలబూత్ ఆయన వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. "అక్కా, మీ ఎదురన్న లేడట. ఛాతిల నొప్పి అన్నడట, దవాఖానాకు తోల్కపోయేలోపే అయిపోయిందట" అన్నాడు. నాకు మొదట దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రమే కదా నేను చేసిన మిఠాయి షాపు బోర్డుకి వంక పెట్టి వెళ్ళాడు! దానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు.

ఉప్పల్ వైపు బోర్డులు చేసేవాళ్ళంతా కలిసి అన్న గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఆయన్ని బాగా ఎరిగినదానివి నువ్వే కదమ్మా అన్నారు. ఎరగడమంటే ఏం చెప్పను, ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి కుళ్ళుకున్నాను. అంత శ్రద్ధగా ఆయన్ని ఇంట్లోవాళ్ళు కూడా చూసి ఉండరు. అందుకని రాస్తున్నాను.

నాచారంలో ఇండస్ట్రియల్ ఏరియా వైపు తిరిగే రోడ్డులో మావి రెండూ బోర్డుల షాపులే, ఎదురూబొదురూ. మాది తెనాలి వైపు. మా నాన్న గోడల మీద, రేకుల మీద అక్షరాలు రాసేవాడు, నాకు కుంచె పట్టడం ఆయన దగ్గరే వచ్చింది. పెళ్ళయి ఉప్పల్ వచ్చాక ఈ షాపు పెట్టుకున్నాను. నా బోర్డు నేనే ఎనామిల్ రంగుతో రాసుకున్నాను. ఏడాది తిరక్కుండా ఎదురుగా ఇంకో బోర్డుల షాపు తెరిచారు. జనగామ వైపు మనిషట, ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్లో పనిచేశాడట, ఆ ఫ్యాక్టరీ మూతపడిందట. మూతపడితే పడింది, హైదరాబాదులో ఇంకెక్కడా చోటు లేనట్టు నా మొహానికి ఎదురుగానే రావాలా? మొదటిరోజే టీ పంపించి, "చెల్లె, మనిద్దరం ఎదురెదురు ఉంటే ఇద్దరికీ ఫాయిదానే" అని కబురు పెట్టాడు. టీ తాగాను. మాట మింగుడు పడలేదు.

ఆ ఫాయిదా ఏమిటో వారంలోనే తెలిసింది. మా పనిలో ఒక సంగతి ఉంది. బోర్డు బాగుందో లేదో దగ్గర నిలబడి చూస్తే తెలియదు, రోడ్డుకి అవతలి నుంచి చూడాలి. నా బోర్డు నా గోడకి ఆనించి రోడ్డు దాటి వెళితే అది ఆయన గడప. ఆయన బోర్డు ఆయన షట్టర్‌కి ఆనించి ఇటొస్తే ఇది నా గడప. ఎవరి గడప మీద నుంచి వాళ్ళే చూసుకోవచ్చని ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. ఆయన చేసిన బోర్డు తెచ్చి నా షాపు ముందు నిలబెట్టి, తన గడప మీద నుంచి చూసుకునేవాడు. నేను చేసినది ఆయన షట్టర్‌కి ఆనించి నా గడప మీద నుంచి చూసుకునేదాన్ని. అలా ఆయన బోర్డులన్నీ మొదట నా గుమ్మంలోనే వెలిగాయి. బేరమూ నాది కాదు, పేరూ నాది కాదు, కాపలా మాత్రం నాది.

నాది ఆయన షట్టర్‌కి ఆనించినప్పుడు మాత్రం పక్కనే నిలబడి తల వంచి చూసేవాడు. తర్వాత రోడ్డు మీద ఆటోలు పోతున్నా వినబడేలా ఒక్క కేక. "చెల్లె, గా మూడో అక్షరం జర కిందికి జారింది, సూడు." ఎప్పుడూ ఏదో ఒకటి. మూడోది కాకపోతే అయిదోది. బాగుందన్న మాట ఒక్కసారి, పొరపాటునైనా, ఆ నోటి నుంచి వస్తుందేమోనని నేను చెవులు రిక్కించుకుని నిలబడేదాన్ని. ఆయన చెప్పిన తప్పు నిజంగానే ఉండేది, అదీ నా కడుపు మంట.

ఇక రాకెట్ అక్షరాల సంగతి. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, బేరానికొచ్చిన జనం పెట్టారు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కరెంటు స్కూటర్ల షోరూం ఒకటి తెరుస్తూ దాని ఓనరు ముందు నా దగ్గరికే వచ్చాడు. రేపటి బండి అమ్ముతున్నాను, అక్షరాలు కూడా రేపటివి కావాలి అన్నాడు. ఇంగ్లీషులో అలాంటివి బోలెడున్నాయి, తెలుగులో లేవండీ, పైన ఇంగ్లీషు పెట్టి, కింద చిన్నగా మామూలు తెలుగు రాద్దాం అన్నాను. అందరూ అనేది అదే. అతను రోడ్డు దాటి వెళ్ళి ఇదే మాట అక్కడ అడిగాడు. అన్న అతన్ని కూర్చోబెట్టి, నా వైపు చూస్తూ, నాకు వినబడేలా అన్నాడు: "ఇంగ్లీషేమో రేపటిది, తెలుగేమో నిన్నటిదా? గిదెక్కడి ఇన్సాఫ్?"

తర్వాత కొన్నాళ్ళు ఆయనకి పిచ్చి పట్టిందనుకున్నాను. నియాన్ లైటు తీగ అని రబ్బరు గొట్టంలా మెత్తగా ఉంటుంది, ఎలా వంచితే అలా వంగుతుంది, కానీ మరీ బిగుతుగా వంచితే లోపలి దీపాలు చచ్చిపోతాయి. ఆ తీగ ఎంత చిన్న గుండ్రానికి ఓర్చుకుంటుందో తేల్చాలని దొరికినవాటికల్లా చుట్టి చూశాడు. రంగు డబ్బాకి చుట్టాడు, స్టీలు గ్లాసుకి చుట్టాడు, టార్చిలైటుకి చుట్టాడు. ఒకటి పెద్దదయింది, ఒకటి చిన్నదై దీపాలు పోయాయి. ఒకరోజు వదిన మధ్యాహ్నం బువ్వ గిన్నె తెచ్చి ఇస్తుంటే ఆమె చేతి గాజు మీద ఆయన చూపు ఆగింది. రోడ్డు మీద అందరూ చూస్తుండగా భార్య చేయి పట్టుకుని లైటు తీగ చుట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వదిన సిగ్గుతో చచ్చిపోయింది. దీపాలు మాత్రం చావలేదు.

ఆ గాజు కొలతే మొత్తం అక్షరమాలకి కొలత అయింది. ఒక గుండ్రం, ఒక నిలువు గీత, ఒక వాలు గీత. ఈ మూడే వాడాలి, నాలుగోది రాకూడదు. గుండ్రాన్ని ఒకచోట పైన తెరిచాడు, ఒకచోట కింద తెరిచాడు, రెండు గుండ్రాల్ని పక్కపక్కన అంటించాడు. తలకట్టుని టిక్కు పెట్టినట్టు కాకుండా రెక్కలాగా వాల్చేశాడు. అది కూడా అక్షరాన్ని వదలకుండా అంటుకునే ఉండాలి, ఎందుకంటే విడిపోతే దానికి వేరే వైరు లాగాలి. ఒక అక్షరం మొదటి నుంచి చివరిదాకా ఒకే తీగతో వెలగాలి. ఒత్తులు మాత్రం ఆయన్ని నెలల తరబడి ఏడిపించాయి. ఆ నెలల్లో నేను బాగా నిద్రపోయాను.

మొదటి బోర్డు తెచ్చి నా గుమ్మంలో నిలబెట్టి వెలిగించిన సాయంత్రం నేను లోపల కూర్చుని లెక్కలు చూసుకుంటున్నట్టు నటించాను. బయట జనం ఆగిపోయారు. బళ్ళు ఆపేశారు. ఒక పెద్దాయన, బాగానే ఉంది గానీ చదవడానికి రెండు నిమిషాలు పట్టిందయ్యా అన్నాడు. అన్న నవ్వి, "పట్టనియ్యి పెద్దాయనా. రెండు నిమిషాలు నిలవడ్డవు గదా, బోర్డు పని గదే" అన్నాడు. నేను లేచి వెళ్ళి చూశాను. నీలం వెలుతురులో ఆ తెలుగు ఇంకా కట్టని ఊళ్ళోంచి వచ్చినట్టుంది, అయినా మనదే. మా నాన్న రాసిన గుండ్రాలే, కానీ ఎక్కడికో బయల్దేరినట్టున్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఇది నాకెందుకు తట్టలేదు? ఆ షోరూం మనిషి ముందొచ్చింది నా దగ్గరికి కదా?

ఆ తర్వాత చెప్పేదేముంది. జిమ్ములు, మొబైలు షాపులు, గేమింగ్ సెంటర్లు, చివరికి చెంగిచెర్లలో ఒక బిర్యానీ హోటలు కూడా. బిర్యానీకి రాకెట్ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి మా ఆడపడుచుతో ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని ఆవిడ మురిసిపోతోంది. కిందికి చూస్తే ఈ చివర రాకెట్, ఆ చివర రాకెట్. తార్నాక దాకా కళ్ళు మూసుకు కూర్చున్నాను. తల నొప్పా అని అడిగింది. అవునన్నాను.

ఊరుకోకుండా నేనూ ఒక రకం అక్షరాలు చేశాను. ఆయన గుండ్రాలతో చేస్తే నేను గుండ్రమన్నదే లేకుండా అన్నీ కోణాలతోనే చేస్తానని పంతం పట్టాను. హబ్సిగూడ గేమింగ్ సెంటర్ ఒకటి తీసుకుంది. తెచ్చి ఆయన షట్టర్‌కి ఆనించి నా గడప మీదికి వచ్చి చూసుకున్నాను. కత్తుల దుకాణంలా ఉంది. ఒక కాలేజీ పిల్ల, ఆంటీ, ఇక్కడ జపాన్ వాళ్ళెవరైనా షాపు పెడుతున్నారా అని అడిగింది. అన్న ఈసారి కేక వెయ్యలేదు, రోడ్డు దాటి వచ్చాడు. "గుండ్రం తీసేస్తే తెలుగుకు ఏం మిగుల్తది చెల్లె? బువ్వలకెల్లి మెతుకులు తీసేస్తే కుండే మిగిలినట్టు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో అంత మంటెత్తించింది. మూడు రోజులు ఆయన పంపే టీ నేను ముట్టలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, మా కాలనీలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒకతను ఆ అక్షరాలన్నిటినీ ఫాంటుగా చేసి పెట్టాడు. అన్న దాన్ని దాచుకోలేదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడు, లాలాపేట్ నుంచి మౌలాలి దాకా ఫ్లెక్సులు వేసే ప్రతివాడికీ చేరింది. నాకు అడక్కుండానే ఇచ్చాడు, అదొకటి. షాపులో ఎవరూ లేనప్పుడు దాన్ని తెరిచి నా పేరు కొట్టి చూశాను. ఇన్నేళ్ళు నేను కుంచెతో ఎన్ని రకాలుగానో రాసుకున్న నా పేరు, ఆయన గుండ్రాల్లో ఎంత ఠీవిగా ఉందో! వెంటనే కంప్యూటర్ ఆపేశాను.

అన్నిటికన్నా నన్ను దహించింది ఇంకొకటి. చెంగిచెర్ల నుంచి ఒకతను వాళ్ళ నాన్న పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సు కోసం అన్న దగ్గరికి వచ్చాడు. లేటెస్టుగా ఉండాలి, రాకెట్ అక్షరాల్లోనే పేరు వెయ్యమన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "గియ్యి వచ్చెటోళ్ళకు తమ్మీ, పొయ్యెటోళ్ళకు గావు. ఎదురుంగ చెల్లె దగ్గరికి పో" అని ఇటు పంపాడు. అక్కడితో అదొక ఆనవాయితీ అయిపోయింది. కొత్త షోరూంలన్నీ ఆయనకి, చావు ఫ్లెక్సులన్నీ నాకు. నేను కుంచెతో కాగితం మీద పేరు రాసి, అది స్కాన్ చేసి ఫ్లెక్సు మీద వేస్తాను. ఉప్పల్, నాచారం సందుల్లో విద్యుత్ స్తంభాలకి కట్టిన కన్నీటి శ్రద్ధాంజలుల్లో పేరు చేతిరాతలా కనబడితే అది నాదే. జనం నా షాపు కేసి వచ్చేటప్పుడే మొహాలు వేలాడేసుకుని వచ్చేవారు. ఆయన దగ్గర లడ్డూలు పంచుకునేవారు. అయినా నావాటిలో ఏదైనా బాగా కుదిరితే, ఇది ఎదురాయన రాసిచ్చాడా అమ్మా అని అడిగేవారు కూడా ఉన్నారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. బతికున్నవాళ్ళని నువ్వు ఉంచుకుని చచ్చినవాళ్ళని నాకు పంపుతావేంటన్నా అన్నాను. ఆయన టీ గ్లాసు తిప్పుతూ, అన్ని పనులూ అందరికీ రావు చెల్లె అని ఊరుకున్నాడు. తనకి వచ్చింది నాకు రాదంటున్నాడనే అనుకున్నాను. ఇంకెలా అనుకుంటాను?

మంచివి కూడా చెప్పాలి కదా. మా ఆయనకి ఆపరేషన్ అయినప్పుడు నా షట్టర్ ఎత్తి, నా బేరాలు నా పేరు మీదే చేసి పెట్టాడు. అప్పుడు కూడా రాకెట్ అక్షరాలు వాడలేదు, నా బీరువాలోని పాత నమూనాలు చూసి చేశాడు. వానకి నా ముందు నీళ్ళు నిలిస్తే ఇటుకలు పేర్చింది ఆయనే. నా బోర్డుకి లైటు లేదు. బోర్డుల షాపుకి లైటు లేని బోర్డేమిటని అందరూ ఎగతాళి చేశారు. లైటు తీగ తెస్తే అది ఆయన గుండ్రాల్లోనే వంగుతుందని నా పంతం. ఆయన తన బోర్డు రాకెట్ అక్షరాల్లో పెట్టుకున్నాక ఆ వెలుతురు రోడ్డు దాటొచ్చి నా బోర్డు మీద పడేది. సాయంత్రం ఆరున్నరకి వెలిగేలా టైమర్ పెట్టాడు. నాకు కరెంటు ఖర్చు తప్పిందిలే అని పైకి అనేదాన్ని.

దశదినకర్మకి ముందురోజు వదిన కబురు పెడితే వాళ్ళింటికి వెళ్ళాను. చేతులకి గాజులు ఇంకా ఉన్నాయి, రేపు పొద్దున తీసేస్తారట. ఉప్పల్ నుంచి నాచారం దాకా వెలుగుతున్నది ఆ గుండ్రమే కదా అనుకుని, అటు చూడలేక తల తిప్పుకున్నాను. బోర్డుల వాళ్ళంతా అన్న శ్రద్ధాంజలి ఫ్లెక్సు ఆయన అక్షరాల్లోనే వేద్దామంటున్నారని, తనకి ఇష్టం లేదని చెప్పింది. ఆయన గౌరవానికే కదా వదినా, వాళ్ళన్నదీ నిజమే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మనిషి పేరు ఆఖరుసారి రాసినప్పుడు, పాడె పట్టుకొని సాగనంపినట్టు రాయాలె అంటుండె. గట్ల రాసుడు నాకు రాదు, గీ రోడ్డు మీద చెల్లెకే వస్తది అంటుండె. అందుకే అందర్నీ మీ దిక్కు పంపిండు వదినె. పని నేర్సుకుంటానని ఎవరొచ్చినా, ముందుగాల ఎదురుంగ మీ బోర్డు సూడుమని సూపెట్టేది. మీకు ఎన్నడూ జెప్పలేదా?"

చెప్పలేదు. వదినకి చెప్పాడు, పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నాకు చెబితే నోట్లోని ముత్యాలు రాలిపోతాయా? ఇన్నేళ్ళు నేను ఆ గడప మీద చెవులు రిక్కించుకుని నిలబడ్డానే, మూడో అక్షరం జారిందని అరిచిన నోటికి ఆ ఒక్క మాట బరువైందా? వదిన ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపు వచ్చేసింది. ఆమె నేను దుఃఖపడుతున్నానని ఓదార్చింది. నేను తిట్టుకుంటున్నానని ఆమెకి తెలియదు.

ఆయన పేరుకి ప్రింటు వద్దనుకున్నాను. తెల్లగుడ్డ బిగించి కట్టి, నాన్న కుంచె తీసి, నేరుగా రాశాను. పైన పేరు, కింద 'సెలవు' అనే ఒక్క మాట. మొదటి అక్షరం గుండ్రం తిప్పేటప్పుడు చేయి తనంతట తానే గాజంత తిరిగింది. ఆ గుడ్డ విప్పేసి, ఇంకోటి కట్టి నాలాగే రాశాను. ఆ అక్షరాలు పోయేవాళ్ళకి కావని ఆయనే అన్నాడు కదా.

దశదినకర్మ అయిన సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి ఆయన షట్టర్‌కి కట్టాను, సరిగ్గా ఆయన బోర్డు కింద. కట్టి, రోడ్డు దాటి, నా గడప మీదికి వచ్చి నిలబడ్డాను. పద్ధతి పద్ధతే. బండి మీద పోతున్న ఇద్దరు ఆగారు. వెనక కూర్చున్నతను చాలాసేపు చూసి, "ఎంత మంచిగ రాసిండు సూడు. తన పేరు తనే రాసి పెట్టుకున్నట్టున్నడు అన్న" అన్నాడు. ముందున్నతను, గీ రోడ్డు మీద ఇంకెవలకు వస్తది మరి అన్నాడు. నాది రా అని అరుద్దామని నోరు తెరిచాను. ఒక ఆటో అడ్డం వచ్చింది, అది పోయేసరికి వాళ్ళూ పోయారు.

ఆరున్నర అయింది. ఎవరూ ఆపలేదు కనక టైమర్ తన పని తాను చేసింది. షట్టర్ మూసి ఉండగానే పైన గుండ్రాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆ నీలం వెలుతురు ముందు కిందున్న నా అక్షరాల మీదికి దిగింది, తర్వాత రోడ్డు దాటి నా బోర్డు మీదికి వచ్చింది. ఆ వెలుతురులో చూస్తే మూడో అక్షరం ఒక వెంట్రుకవాసి కిందికి జారి ఉంది. అవతలి నుంచి కేక వస్తుందేమోనని అలాగే నిలబడి ఉన్నాను.